‘బిల్లు వద్దులెండి’ అంటే మీరేమంటారు?

“బిల్లు లేకుండా అయితే ఎంతకిస్తారు?”

కౌంటర్ వెనక నిలబడేవాళ్లలో ఈ ప్రశ్న విననివాళ్లు ఉండరు. హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో ఫ్యాన్లు అమ్మినా, విజయవాడ వన్‌టౌన్‌లో బట్టలు అమ్మినా, మండల కేంద్రంలో టైల్స్ షాపు నడిపినా తప్పదు. అడిగేవాళ్లు దొంగలేం కాదు. టీచర్లు, డాక్టర్లు, రిటైరైన ఉద్యోగులు, గుడికి విరాళాలిచ్చే పెద్దమనుషులు. కాస్త ముందుకు వంగి, గొంతు తగ్గించి, ఓ చిన్న నవ్వు నవ్వి అడుగుతారు.

సేల్స్ ట్యాక్స్ పోయి 2005 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చింది. వ్యాట్ పోయి 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. ఈ ప్రశ్న మాత్రం ఎక్కడికీ పోలేదు. బిల్లు లేని వ్యాపారానికి బజారు పేరు కూడా పెట్టేసింది: జీరో దందా.

ఆ మాట వినపడగానే మీరేం చేస్తున్నారో ఎప్పుడైనా గమనించారా? చాలామంది తడబడతారు. ఓనర్ వైపు చూస్తారు. “అదీ... చూద్దాం సార్” అని నసుగుతారు. బేరం చేజారేది అక్కడే. మీరు తడబడితే కస్టమర్‌కి ఒక్కటే అర్థమవుతుంది: ఇక్కడ సందు ఉంది, ఇంకాస్త నొక్కాలి.

వద్దని చెప్పడానికి పెద్ద ధైర్యసాహసాలు అక్కర్లేదు. ఇది స్కూటర్ నడపడం లాంటి నైపుణ్యం. నేర్చుకుంటే వస్తుంది, రోజూ చేస్తే ఒంటికి పడుతుంది. మొహమాటం మనిషినని మీరు అనుకుంటున్నా సరే, మీకూ వస్తుంది.

షట్టర్ ఎత్తకముందే తేల్చుకోండి

కస్టమర్ ఎదురుగా ఉన్నప్పుడు నిర్ణయం తీసుకోవద్దు. అప్పుడు మీ బుర్రలో నెలాఖరు టార్గెట్ ఉంటుంది, ఈఎంఐ ఉంటుంది, పొద్దుటి నుంచీ బోణీ కాలేదన్న బెంగ ఉంటుంది. ‘ఈ ఒక్కసారికి’ అనే మాట సరిగ్గా అప్పుడే ఎంతో న్యాయంగా తోస్తుంది.

కాబట్టి ముందే ఒక వాక్యం ఖాయం చేసుకోండి: మా షాపులో బిల్లు లేని అమ్మకం లేదు.

‘వీలైనంత వరకు’ వద్దు. ‘తెలియనివాళ్లకైతే’ అసలే వద్దు. మినహాయింపు పెట్టుకున్న రోజే ప్రతి కస్టమర్‌తోనూ మీలో మీరు వాదించుకోవాలి. నియమం గట్టిదైతే బుర్రకి విశ్రాంతి.

ఫ్యాన్ లెక్క నేర్చుకోండి

గట్టిగా చెప్పలేకపోవడానికి అసలు కారణం మొహమాటం కాదు, లెక్క తెలియకపోవడం. ‘పన్ను ప్రభుత్వానిదే కదా, అది వదిలేస్తే నాకు పోయేదేముంది?’ అనుకునే షాపువాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పోయేది ఉంది. ఒక సీలింగ్ ఫ్యాన్ తీసుకుందాం.

మీరు హోల్‌సేల్‌లో 2,000కి కొన్నారు. 18 శాతం జీఎస్టీ 360. మొత్తం 2,360 కట్టారు. దాన్ని 2,500కి అమ్ముతున్నారు. 18 శాతం 450 కలిపితే కస్టమర్ ఇచ్చేది 2,950. ఆ 450 అంతా మీరు ప్రభుత్వానికి కట్టరు. కొన్నప్పుడు కట్టిన 360ని ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ కింద మినహాయించుకుని, మిగిలిన 90 కడతారు. మీకు మిగిలేది నికరంగా 500.

ఇప్పుడు కస్టమర్ అన్నాడు: “ఆ 450 తీసేయండి. మీ 2,500 మీకిస్తా.”

వినడానికి బాగుంటుంది. మీ ధర మీకు వచ్చినట్టే ఉంటుంది. కానీ బిల్లు లేకుండా అమ్మిన ఫ్యాన్ మీద ఆ 360 క్రెడిట్ మీరు న్యాయంగా తీసుకోలేరు. తీసుకోకపోతే మీ లాభం 140. ఐదు వందలు రావాల్సిన చోట నూట నలభై!

“క్రెడిట్ కూడా తీసేసుకుంటా, ఎవరు చూస్తారు?” అంటారా? అప్పుడు ఆ ఫ్యాన్ మీ పుస్తకాల్లో ఇంకా గోడౌన్‌లోనే ఉంటుంది. ఒకటీ రెండయితే కప్పిపుచ్చవచ్చు. ఏడాదికి వంద ఫ్యాన్లు అలా అమ్మితే, కాగితం మీద వంద ఫ్యాన్లు, గోడౌన్‌లో ఖాళీ ర్యాకు. తనిఖీకి వచ్చిన అధికారి పుస్తకాల్లోని స్టాకునీ గోడౌన్‌లోని స్టాకునీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

దాన్ని తప్పించుకోవాలంటే సరుకు కూడా బిల్లు లేకుండానే కొనాలి. అలా కొన్న ఫ్యాన్ కాయిల్ మాడిపోతే కంపెనీకి ఏమని వెనక్కి పంపుతారు? ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఎన్ని కావాలో చూడండి. ఇన్‌వాయిస్ లేకుండా సరుకు అమ్మితే జరిమానా 10,000, లేదా ఎగ్గొట్టిన పన్ను, ఏది ఎక్కువైతే అది. కస్టమర్ మిగుల్చుకునే 450 రూపాయల కోసమా ఇదంతా? తెలిసి సాయం చేసినవాళ్ల మీద కూడా 25,000 వరకు జరిమానా వేయొచ్చు. ‘నేను ఉత్తి సేల్స్‌మ్యాన్‌ని’ అన్న మాట అక్కడ పనికిరాదు.

ఇంకో విషయం చెప్తాను, నవ్వుకోండి. ‘బిల్లు వద్దు’ అన్న కస్టమరే తర్వాత జేబులోంచి ఫోన్ తీసి “స్కానర్ ఎక్కడ?” అంటాడు. బిల్లు లేదు, బ్యాంకులో ఎంట్రీ మాత్రం ఉంది! 2025 జూలైలో కర్ణాటకలో ఏమైందో గుర్తుందా? యూపీఐలో వచ్చిన సొమ్ము లెక్కల ఆధారంగా వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. బెంగళూరు కొట్ల ముందు ‘నో యూపీఐ, ఓన్లీ క్యాష్’ అట్టలు వేలాడాయి. పోనీ నగదే అంటారా? ఒక మనిషి దగ్గర ఒకే రోజు 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను నిబంధనలకు విరుద్ధం. తీసుకున్నంతా జరిమానాగా కట్టాల్సి రావచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. జీఎస్టీ కనపడని ప్రతి బిల్లూ దొంగ బిల్లు కాదు. ఏడాది టర్నోవర్ పరిమితి లోపు ఉంటే, అంటే సరుకులు అమ్మేవాళ్లకి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు, మామూలుగా రిజిస్ట్రేషనే అక్కర్లేదు. కాంపొజిషన్ స్కీములో ఉన్న వ్యాపారి కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, తన టర్నోవర్ మీద తానే కట్టుకోవాలి. రెండు వందల లోపు కొనుగోలుకి కస్టమర్ అడగకపోతే విడిగా బిల్లు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, రోజు చివర అన్నిటికీ కలిపి ఒకటి రాసుకోవాలి. మీ షాపు ఏ కోవలోకి వస్తుందో తెలియకపోతే ఈరోజే మీ ఆడిటర్‌ని అడగండి. తెలియనివాడు గట్టిగా మాట్లాడలేడు.

ఆ ప్రశ్నని మీరే పిలుస్తున్నారు

ఇది కాస్త చేదుగా ఉంటుంది, అయినా వినండి. సగం సందర్భాల్లో తప్పు బేరానికి తలుపు తీసేది కస్టమర్ కాదు, మనం.

“రెండువేల ఐదువందలు ప్లస్ జీఎస్టీ సార్.” ఇలా చెప్పామంటే పన్నుని విడదీసి ఆయన కళ్ల ముందు పెట్టినట్టే. ‘అది లేకుండా అయితే?’ అని అడగకుండా ఎవరుంటారు? ఒకే అంకె చెప్పండి: “రెండువేల తొమ్మిదివందల యాభై.” పన్ను ఎంతో బిల్లులో విడిగా ఉంటుంది, దాచేదేమీ లేదు. నోటితో మాత్రం మొత్తం ధరే రావాలి. ఎమ్మార్పీ ఉన్న ప్యాకెట్ సరుకైతే ‘ప్లస్ జీఎస్టీ’ అన్న మాటే రాకూడదు. ఎమ్మార్పీలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. దాని మీద మళ్లీ జీఎస్టీ కలపడం చట్టవిరుద్ధం.

రెండో అలవాటు ఇంకా ప్రమాదం: “బిల్లు కావాలా సార్?” ఇది మర్యాద కాదు, ఆహ్వానం. ఆ ప్రశ్నని మీ నోట్లోంచి తీసేయండి. సరుకు ప్యాక్ అవుతుండగానే ప్రింట్ కొట్టండి. బిల్లు కస్టమర్ చేతికి వెళ్లాకే డబ్బు మాట ఎత్తండి.

మూడోది చిన్న పనే. జీఎస్టీ సర్టిఫికెట్ ఎలాగూ షాపులో కనపడేలా పెట్టాలి. దాని పక్కనే పెద్ద అక్షరాలతో ఒక బోర్డు పెట్టండి: ‘ప్రతి అమ్మకానికీ బిల్లు ఇస్తాం’. మొహమాటస్తులకి ఆ బోర్డు మంచి తోడు. మాట రాకపోతే వేలు చూపించినా చాలు.

నోటికి రావాల్సిన మాట

అయినా అడిగారు. అప్పుడు ఇదీ మాట:

“బిల్లు లేకుండా మేం అమ్మం సార్. ధరలో ఎంత తగ్గించగలనో చూస్తా, కూర్చోండి.”

రెండే వాక్యాలు. మొదటిది తలుపు మూస్తుంది, రెండోది ఇంకో తలుపు తీస్తుంది. మధ్యలో విరామం ఇవ్వకండి.

ఏం చేయకూడదో కూడా చెప్తాను.

సాకులు చెప్పకండి. “కంప్యూటర్ ఒప్పుకోదండీ” అంటే “చేత్తో రాసివ్వు” అంటాడు. “ఓనర్‌గారు లేరు” అంటే “ఫోన్ చెయ్” అంటాడు. సాకు చెప్పినప్పుడల్లా మీరు కస్టమర్‌కి విప్పడానికో ముడి ఇస్తున్నారు. ‘మేం అమ్మం’ అంటే విప్పడానికి ముడి లేదు.

ఉపన్యాసం ఇవ్వకండి. రోడ్లు, బడులు, దేశాభివృద్ధి... అవన్నీ నిజమే. కానీ ఆయన ఫ్యాన్ కొనడానికి వచ్చాడు, పౌరశాస్త్రం పాఠానికి కాదు. పక్కన భార్యాపిల్లలు ఉంటే ఇంకా జాగ్రత్త. నలుగురిలో చిన్నబోయిన మనిషి మళ్లీ మీ మెట్లెక్కడు.

క్షమాపణ చెప్పకండి. తప్పు చేయనన్నందుకు సారీ ఎందుకు?

ఆయన గొంతు తగ్గించి అడిగాడని మీరూ గుసగుసలాడకండి, అలాగని అందరికీ వినపడేలా అరవకండి. మామూలు గొంతు. ‘రెండో అంతస్తులో మిక్సీలు సార్’ అని ఏ గొంతుతో చెప్తారో అదే గొంతు.

ఇక ఆ రెండో తలుపు సంగతి. బిల్లులో చూపించి ఇచ్చే డిస్కౌంట్ పూర్తిగా న్యాయమైంది. డిస్కౌంట్ పోగా మిగిలిన ధర మీదే పన్ను పడుతుంది. మన ఫ్యాన్ మీద 100 తగ్గించారనుకోండి. 2,400, దానికి పన్ను 432, మొత్తం 2,832. మీరు వంద వదిలితే కస్టమర్‌కి 118 తగ్గింది. “సార్, మీకు 118 తగ్గిస్తున్నా, అదీ బిల్లుతో” అని చెప్పి చూడండి. బేరం ఆడే మనిషికి కావాల్సింది చాలాసార్లు పన్ను ఎగవేత కాదు. తన మాట నెగ్గిందన్న తృప్తి. అది మీరు ఇవ్వగలరు.

బిల్లు వల్ల ఆయనకేం లాభమో కూడా చెప్పండి, అయితే ఒక్కటే చెప్పండి, ఆ వస్తువుకి తగినది చెప్పండి. ఏసీ కొనేవాళ్లకి వారంటీ. ఇల్లు కట్టుకుంటూ టైల్స్ కొనేవాళ్లకి, రేపు ఆ ఇల్లు అమ్మితే ఖర్చు చూపించుకోవడానికి ఈ బిల్లులే ఆధారమన్న సంగతి. నగలైతే ఇంకా గట్టి మాట ఉంది: బంగారం మీద జీఎస్టీ 3 శాతం, లక్షకి మూడు వేలు. హాల్‌మార్క్ నగలో చెప్పినదానికన్నా స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ తేడాకి రెట్టింపు పరిహారం, పరీక్ష ఖర్చులు కొనుగోలుదారుడికి రావాలి. బిల్లు లేకపోతే ఆ నగ మీ దగ్గరే కొన్నానని ఆయన ఎలా రుజువు చేస్తాడు?

అడిగే తీరు మారుతుంది, తప్పు అదే

కొందరు ‘బిల్లు వద్దు’ అనరు. వేరేలా వస్తారు.

“రెండు బిల్లులుగా చేయండి, పాన్ కార్డు గొడవ లేకుండా.”

“ఆఫీసులో పెట్టుకోవాలి, ఓ వెయ్యి ఎక్కువ వేయండి.”

“ఎస్టిమేట్ స్లిప్ చాలు, పక్కా బిల్లు ఎందుకు?”

“మా బామ్మర్దికి షాపుంది, వాడి జీఎస్టీ నంబర్ మీద రాయండి.”

చివరిదాన్ని చాలామంది సేల్స్‌వాళ్లు తప్పనే అనుకోరు. బిల్లు ఇస్తున్నాం, పన్ను కడుతున్నాం, ఇంకేం కావాలి అనుకుంటారు. కానీ ఇంట్లో గోడకి తగిలించే టీవీకి బామ్మర్ది తన వ్యాపారం పేరుతో క్రెడిట్ తీసుకుంటాడు. కట్టిన పన్ను అలా వెనక్కి పోతుంది. దానికి సాక్షి సంతకం మీ రిటర్న్‌లో ఉంటుంది.

వీటన్నిటికీ ఒకటే పరీక్ష. ఏ వస్తువు, ఎవరికి, ఏ రోజు, ఎంతకి ఇచ్చామో బిల్లు అదే చెప్పాలి. నాలుగిట్లో ఒక్కటి అబద్ధమైనా రాయొద్దు. “జరిగింది జరిగినట్టే రాస్తాం సార్” అనండి.

చుట్టాలు, పాత కస్టమర్లు

అసలు పరీక్ష ఇక్కడే. బాబాయ్ వచ్చి “మనలో మనకి బిల్లేంట్రా?” అంటే గొంతు పెగలదు. ప్రేమగానే చెప్పండి: “బాబాయ్, రేపు మోటారు కాలిపోతే నీకేం సమాధానం చెప్పమంటావ్? బిల్లు ఉండనీ. రేటు సంగతి నేను చూస్తాగా.” ఆయన కోసం ఏదైనా వదులుకోవాలనుకుంటే మీ లాభంలోంచి వదులుకోండి. అది మీ సొంతం. పన్ను మీ సొంతం కాదు.

“పక్క షాపులో ఇస్తున్నారు” అంటే పక్క షాపుని తిట్టొద్దు. “ఇస్తుండొచ్చన్నా. మా దగ్గర రేటు ఇదీ, బిల్లుతో” అని ఆగండి. కొందరు వెళ్లిపోతారు. అవును, వెళ్లిపోతారు. ఒక నెల పాటు చిన్న నోట్‌బుక్‌లో రాయండి: బిల్లు కారణంగా పోయిన బేరం, ఎంత విలువ. నెలాఖరున కూడండి. అంకె పెద్దదైతే ధరలూ డిస్కౌంట్లూ సరిచూసుకోండి. చిన్నదైతే ఇన్నాళ్లూ దేనికి భయపడ్డారో తెలుస్తుంది. ఊహ మీద భయపడే అలవాటు మానేసి, అంకె చూసి ఆలోచించే అలవాటు చేసుకోండి.

ఓనరే చెయ్యమంటే?

జీతానికి పనిచేసేవాళ్లకి ఇది కష్టమే. తేలిక అని అబద్ధం చెప్పను. కానీ మీ చేతిలో ఏమీ లేదనుకోకండి.

కస్టమర్ ముందు వాదించకండి. సాయంత్రం క్యాష్ లెక్క చూసేటప్పుడు ఒంటరిగా మాట్లాడండి. ఫ్యాన్ లెక్క కాగితం మీద వేసి చూపించండి. ‘తప్పు’ అన్న మాటకన్నా 500, 140 అన్న అంకెలు బాగా పనిచేస్తాయి. తర్వాత మీ గీత గీయండి: “బిల్లు లేని బేరం నా చేత్తో వద్దండీ.”

ఒక విషయంలో మాత్రం ఒక్క అంగుళం కూడా తగ్గకండి. షాపు అమ్మకం డబ్బుని మీ సొంత ఫోన్‌పేకో, మీ గూగుల్ పేకో వేయించుకోమంటే ఒప్పుకోకండి. ఒక్కసారి కూడా. ఆ డబ్బు మీ బ్యాంకు ఖాతాలో, మీ పాన్ కింద, మీ పేరుతో కనపడుతుంది. రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పాల్సింది మీరే, ఓనర్ కాదు.

ఎంత చెప్పినా మారకపోతే వేరే చోటు చూసుకోండి. ఈలోగా ట్యాలీ నేర్చుకోండి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. పని తెలిసిన మనిషికి వద్దనే చొరవ దానంతటదే వస్తుంది.

ఇక ఓనర్లకి ఒక మాట. మీ కుర్రాడికి బిల్లు లేకుండా అమ్మడం మీరే నేర్పితే, ఆ విద్య మీ కోసం మాత్రమే వాడతాడని నమ్మకం ఏంటి? ఎంట్రీ లేని అమ్మకంలో డబ్బు గల్లాపెట్టెలోకి వచ్చిందో జేబులోకి వెళ్లిందో చెప్పే కాగితం ఉండదు. ప్రభుత్వానికి కనపడని అమ్మకం మీకూ కనపడదు. ‘స్టాకు తగ్గుతోంది, క్యాష్ రావట్లేదు’ అని బాధపడే షాపుల్లో ముందు వెతకాల్సింది ఇక్కడే. పోలీసు కంప్లయింట్ ఇద్దామన్నా ఏ పుస్తకం పట్టుకుని వెళ్తారు?

ఇంకోటి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. ఈరోజు ‘బిల్లు వద్దులే’ అన్న పెద్దమనిషే రేపు ఫ్రిజ్ పాడైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ‘బిల్లు ఇవ్వలేదు’ అని చెప్పవచ్చు. వద్దన్నది తానేనని అప్పుడు గుర్తుండకపోవచ్చు.

రేపు పొద్దున షాపు తెరవగానే స్టాఫ్‌ని పిలిచి ఐదు నిమిషాలు ప్రాక్టీస్ చేయించండి. ఒకరు కస్టమర్, ఒకరు సేల్స్‌మ్యాన్. ‘బిల్లు లేకుండా మేం అమ్మం సార్’ అన్న మాట ప్రతి ఒక్కరి నోటా నవ్వుతూ వచ్చేదాకా అనిపించండి. అందరికన్నా ముందు మీరు అనండి, వాళ్లు వినాలి. ఆ తర్వాత ధరల స్టిక్కర్లు తీసి పన్నుతో కలిపిన ఒకే అంకె వేయడం మొదలుపెట్టండి. అన్నీ ఒక్కరోజులో కాకపోతే, ఎక్కువ బేరాలు జరిగే ర్యాకుతో ప్రారంభించండి.